చల్లగది ఆగిన రోజులు

నేనేం ఉద్యోగం చేస్తానో మా కాలనీలో ఎవరికీ సరిగ్గా తెలియదు. బిట్రగుంటలో ఉద్యోగమంటే రైల్వే ఉద్యోగమే. తక్కినవన్నీ పొద్దుపోక చేసేవని ఇక్కడి పెద్దవాళ్ల అభిప్రాయం. పొద్దున్నే క్యారియర్ సంచిలో పెట్టుకుని నెల్లూరు బండి కోసం పరుగెత్తే నన్ను చూసి, కంప్యూటర్ ముందు కూర్చునే పని అని వాళ్లకు వాళ్లే తేల్చేసుకున్నారు. అది అబద్ధమేమీ కాదు. కూర్చునే పనే. ఆ కూర్చోవడంతోనే నడుము పోయింది, కళ్లు పోయాయి, ఉన్న కాస్త ఓపికా పోయింది.

పని ఏమిటంటే, ఊళ్లలో సోలార్ పలకలు పెట్టి, వాటికి బ్యాటరీలు తగిలించి, ఆ కరెంటుతో ఒకచోట మంచినీళ్ల ప్లాంటు, ఒకచోట సెల్ టవరు, ఇంకోచోట ఆసుపత్రిలో మందుల ఫ్రిజ్ నడుపుతుంటారు. నాలుగైదు రాష్ట్రాల్లో చెదిరి ఉన్న వీటన్నిటినీ నెల్లూరులో ఒక మేడమీది గదిలో కూర్చుని మేం కనిపెట్టుకుని ఉండాలి. ప్రతి ఊరూ తెర మీద ఒక చుక్క. అంతా బాగుంటే పచ్చన, అనుమానముంటే పసుపు, చెడిపోతే ఎరుపు. అసలు కబురే అందకపోతే నలుపు. ఒక్కొక్కరి కింద వందల చుక్కలుంటాయి. నాకు కోస్తా ఊళ్లు అంటగట్టారు. ఉప్పుగాలికి తీగలు తుప్పుపట్టడం, ఎలుకలు కొరకడం, ఎండుచేపల కోసం వచ్చిన కాకులు పలకల మీద రెట్టలు వెయ్యడం. కోస్తాలో ఉన్నన్ని తెగుళ్లు ఇంకెక్కడా ఉండవని మా ఆఫీసులో అందరూ ఒప్పుకుంటారు, కానీ ఊళ్లు మార్చుకుందామంటే మాత్రం ఒక్కరూ ముందుకు రారు.

మొదట్లో ఎర్రచుక్క కనిపిస్తే గుండె దడదడలాడేది. ఇప్పుడు నిట్టూర్పు వస్తుంది, అంతే. అలారం మోగుతుంది. "చూశాను" అని ఉన్నచోట నొక్కితే గానీ అది నోరు ముయ్యదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చూశాను, చూశాను, చూశాను. ఇంటికెళ్లాక మా ఆయన ఏదైనా చెబితే కూడా తల ఎత్తకుండా "చూశాను" అంటున్నానట. మా ఇంట్లో ఇన్వర్టర్ చెడిపోయి చాలాకాలమైంది. కరెంటు పోయినప్పుడల్లా పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి, "అన్ని ఊళ్ల కరెంటూ నీ చేతిలో ఉండాదంటావు, మీ ఇంట్లో విసనకర్రేందమ్మే?" అని నవ్వుతుంది. 

పులికాట్ సరస్సు అంచున ఉన్న ఒక పల్లె నా చుక్కల్లో ఒకటి. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే ఆ ఊళ్లో ఇళ్ల రేకులు గడగడలాడతాయి. జిల్లాలు మార్చినప్పుడు కాగితాల మీద ఆ ఊరు మా జిల్లాలోంచి పోయింది గానీ నా తెర మీద నుంచి పోలేదు. అక్కడ ఉన్నది ఒక చల్లగది. సరస్సులో పట్టిన రొయ్యలూ పీతలూ చేపలూ పాడవకుండా దాచుకునే గది. పైన పలకలు, పక్కన బీరువా అంత పెట్టెలో బ్యాటరీలు. అది రాకముందు, పడవలు ఒడ్డుకు చేరగానే ఆడవాళ్లు ఎండ ఎక్కకుండానే సరుకంతా దళారికి తెగనమ్ముకునేవారు. కళ్లముందే చేప మెత్తబడుతుంటే బేరమేం చేస్తారు? అతనెంతంటే అంతే. గది వచ్చాక "ఇయ్యాళ ఇయ్యం, రేపు రాపో" అని అతని మొహాన చెప్పగలిగారు. ఆ ఒక్క మాట అనగలగడం కోసం ఆ ఊరి ఆడవాళ్లు ఆ గదిని ప్రాణం పెట్టి చూసుకునేవారు.

గది తాళాలు ఒకావిడ దగ్గర ఉండేవి. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆమె ఇల్లు గది గోడకు ఆనుకునే ఉండటంతో ఆ బాధ్యత ఆమె నెత్తిన పడింది. పలకలు కడగడం, తలుపు సరిగ్గా మూశారో లేదో చూడటం, నేను ఫోన్ చేస్తే ఎత్తడం ఆమె పనులు. ఫోన్ ఎత్తే పని మిగతా ఊళ్లలో ఎవరూ చెయ్యరు. అందుకే ఆమెంటే నాకు ఇష్టం. మొదట నన్ను "మేడం" అనేది. నేను కసురుకోవడం మొదలుపెట్టాక, ఎందుకో మరి, "అమ్మా" అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, మబ్బు తునక కూడా లేని వేళ, ఆ చుక్క నల్లబడింది. పిడుగు లేదు, వాన లేదు. అన్నం ముద్ద నోట్లో ఉండగానే ఫోన్ చేశాను.

"అక్కా, గది ఆగిపోయింది, చూశావా?"

"ఆగిపోలేదమ్మా. నేనే ఆపినాను."

"నువ్వే ఆపావా? ఎందుకు?"

"ఊళ్లో పెద్దాయన పోయినాడు. పీనుగ ఇంకా లేవలేదు."

పోయిన పెద్దాయనకూ మా కంప్రెసర్‌కూ సంబంధమేమిటో నాకు వెంటనే అంతుపట్టలేదు. ఆమె ఓపిగ్గా చెప్పుకొచ్చింది. శవం లేచేదాకా ఆ ఊళ్లో పొయ్యి వెలిగించరు. పడవ నీళ్లలోకి తొయ్యరు, వల ముట్టుకోరు. టీవీలు కట్టేస్తారు. ఇందులో నాకు తెలియనిదేమీ లేదు, మా వైపూ చాలావరకు ఉన్నదే. కానీ దాన్ని తెచ్చి మా పెట్టెకు తగిలిస్తారని నేను కలలో కూడా అనుకోలేదు.

"అందురూ పనులాపుకోని కూచోనుంటే ఇదొక్కటీ గుర్రుమని తిరగతా ఉంటే ఎట్టుంటాదమ్మా? పీనుగ ముందర పని చేసినట్టు గాదా?"

"అది మిషనక్కా! దానికి చావేంది, పుటకేంది?"

"మిషనే. అయినా మా ఊరి మిషను గదా."

నాకు చిర్రెత్తుకొచ్చింది. లోపలున్న సరుకు ఏమవుతుందని అరిచాను. పోతే పోనీ అంది. ఆమెకు తెలిసింది బ్యాటరీల పెట్టెలో ఉన్న ఎర్రమీట ఒక్కటే. అది కిందికి లాగితే కంప్రెసరుతో పాటు మాకు కబురు పంపే పెట్టె కూడా ఆరిపోతుంది. నా తెర మీద ఊరే లేకుండా పోతుంది. సాయంత్రం శవం లేచాక ఆమె మీట పైకెత్తింది, చుక్క పచ్చబడింది. ఆగిన కారణం ఎంచుకునే చోట మాకు కొన్ని మాటలు ముందే పెట్టి ఉంటారు. దుమ్ము, ఎలుక, తుప్పు, పిడుగు, తీగ తెగుట. చావు లేదు. "ఇతరములు" అని నొక్కి బండి పట్టుకోవడానికి పరుగెత్తాను.

కొన్నాళ్లకు అదే జరిగింది. ఈసారి పోయింది ఒక బాలింత. ఫోన్లో అక్క గొంతు వినగానే కసురుకోవాలన్న కోపం చల్లారిపోయింది. మళ్లీ ఇతరములు అనే నొక్కాను గానీ ఈసారి పైవాళ్ల కంట్లో పడింది.

మా సారు నన్ను పిలిచాడు. ఆయనది కొడవలూరు దగ్గర సేద్యం చేసుకునే కుటుంబం. మంచివాడే. మా అందరికంటే ఎక్కువ అలిసిపోయినవాడు.

"ఊరోళ్లే కావాలని ఆపినట్టు పైవాళ్ల లెక్కలో పడింది, చూసినావా? రెండుసార్లయింది. మూడోసారి పడితే సిస్టమ్ అక్కణ్నించి ఎత్తేసి వేరే ఊరికి ఇస్తారు. అడిగే ఊళ్లకేం కొదవ?"

"వాళ్లు కావాలని ఆపలేదు సార్. ఊళ్లో చావు."

"చావొస్తే మెయిన్ ఆపమని ఎవరు చెప్పినారమ్మా వాళ్లకి?"

"మీ ఊళ్లో మాత్రం పీనుగ లేవకుండా మడిలో మోటారు ఎవరైనా వేస్తారా సార్?"

ఆయన పేపర్‌వెయిట్ పక్కకు జరిపాడు. "వెయ్యరులే" అన్నాడు. "నాకు తెలుసు. పైవాళ్లకు ఎట్టా జెప్పేది? నువ్వే ఏదో ఒకటి చెయ్."

ఏదో ఒకటి చెయ్ అనే మాట నేను ఈ ఉద్యోగంలో విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు. తిట్టుకుంటూనే, మరమ్మతుల బండి ఆ వైపు వెళ్తుంటే ఎక్కి కూర్చున్నాను. ఇన్నేళ్లలో నా చుక్కల్లో ఒకదాన్ని కళ్లారా చూడటం అదే మొదటిసారి. బురద, కొంగలు, నీళ్లెక్కడ మొదలై నేలెక్కడ ఆగిందో తెలియని చోటు. చల్లగది పక్కనే, వలలు బాగుచేసుకునే పాక దగ్గర ఊరి పెద్దలు కూర్చున్నారు. ఆడవాళ్లు కాస్త ఎడంగా నిలబడ్డారు. ఫోన్లో అంత గట్టిగా వినిపించే అక్క ఎదురుగా చూస్తే బక్కపలచగా, నా భుజం దాకా ఉంది.

"ఈమే మా అమ్మ!" అని ఆమె నన్ను అందరికీ చూపించింది. నా వయసుకు అది మరీ పెద్ద బిరుదు.

ఆమె భర్త గది నీడలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఊపిరి సరిగ్గా ఆడక పడవెక్కడం మానేసి చాన్నాళ్లయిందట. రెండు మాటలకొకసారి దగ్గుతూ, "నువ్వేనా ఆ ఫోన్లో తిట్టేది? ఇంకాస్త గెట్టిగా తిట్టు తల్లే. నాకు కంజి పొయ్యడం మర్చిపోతాది గానీ ఆ పలకలు కడగడం మర్చిపోదు. నాకీ వయసులో సవతిని దెచ్చి పెట్టినారు మీరు" అన్నాడు. "నీకు సవితేందయ్యా, నాకు గదా సవితి" అని అక్క కసిరింది. ఆడవాళ్లంతా పక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆఫీసులో నేను నవ్వి ఎన్నాళ్లయిందో అప్పుడు గుర్తొచ్చింది.

విషయం చెప్పాను. ఇంకొక్కసారి మీట లాగితే గది ఉండదు. ఆడవాళ్ల నవ్వు ఆగిపోయింది. వాళ్లు పెద్దల వైపు చూశారు. అందరికంటే ముసలాయన తలపాగా సర్దుకుని, "నువ్వు జెప్పేది బాగానే ఉండాది తల్లే. రేపు నేను పోతాను. నా పీనుగ ఇంటి ముందర ఉంటే అది అట్టే అరస్తా ఉండాలా? ఊళ్లో ఒకడు పోయినాడని దానికి లెక్క లేదా?" అన్నాడు.

దళారి మాట ఎత్తింది ఒకామె. గది పోతే మళ్లీ అతని కాళ్ల దగ్గర గంప దించాల్సిందే అంది. పెద్దలకు అదీ తెలుసు. తెలిసినా ఆ మాట వాళ్లు వదులుకోలేకపోయారు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. వాళ్లు గది కావాలంటున్నారు, చావుకు మర్యాద కావాలంటున్నారు. రెండూ అడగడం తప్పెలా అవుతుంది?

గోడవతల కంప్రెసర్ గుర్రుమంటూనే ఉంది. అది వింటూ వింటూ ఉండగా నాకు తట్టింది. వాళ్లకు పడనిది ఆ చప్పుడు. మాకు పడనిది ఎర్రమీట. గదిలో పేరుకున్న మంచు కరగడానికి కంప్రెసర్‌ను కాసేపు ఆపి ఉంచే ఏర్పాటు ఒకటుంది. దాన్ని నా బల్ల దగ్గర నుంచే నడపొచ్చు. కంప్రెసర్ ఆగినా తక్కినవన్నీ నడుస్తూనే ఉంటాయి, చుక్క పచ్చగానే ఉంటుంది. తలుపు తియ్యకుండా ఉంటే శవం లేచేదాకా చల్లదనం నిలుస్తుంది. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్లూ తట్టనందుకు నామీద నాకే విసుగొచ్చింది.

అలా ఒప్పందం కుదిరింది. ఊళ్లో ఎవరైనా పోతే అక్క నాకు ఫోన్ చేస్తుంది, నేను చప్పుడు ఆపుతాను. శవం లేచాక మళ్లీ చేస్తుంది, నడిపిస్తాను. నేను లేని పూట పక్క బల్ల వాళ్లకు చెప్పి వెళ్తాను. ఎర్రమీట మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. అక్క ఆ మీట ఉన్న పెట్టెకు బీగం వేసి, బీగంచెవి నడుముకు కట్టుకుంది. ముసలాయన అనుమానంగానే తలూపి, "ఏందో, నెల్లూర్లో కూచోని ఈడ మర్యాద జేస్తారా?" అన్నాడు.

చేశాను. ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా అక్క చెప్పేది ఒకే మాట: "అమ్మా, ఊళ్లో పోయినారు." ఎవరని అడిగేదాన్ని. పలానా వాళ్ల అత్త అనో, వలలు అల్లే తాత అనో చెప్పేది. నేను ఆపేదాన్ని. మిగతా చుక్కలు ఒకపక్క కుయ్యో మొర్రో అంటుంటే, ఆ ఊరి కంప్రెసర్ నడకను చూపే గీత మాత్రం తెర మీద అడ్డంగా పడుకుని ఉండేది. సాయంత్రానికి "లేచిందమ్మా" అని కబురొచ్చేది. మొహం కూడా తెలియని మనుషుల చావులకు మౌనం పాటించడం కూడా నా ఉద్యోగంలో భాగమైపోయింది. ఎంత విసిగిపోయి ఉన్నా ఆ పని మాత్రం నేనెప్పుడూ విసుక్కుంటూ చెయ్యలేదు. అనుమానపడ్డ ముసలాయన పోయినప్పుడు కూడా ఆపాను. ఆ రోజు శవం లేచిందని కబురొచ్చాక మరికాసేపు ఆగి నడిపించాను.

ఆ తర్వాత ఎండలు వచ్చాయి. ఎండాకాలం మాకు నరకం. బ్యాటరీలు కాగిపోతాయి, తెరంతా ఎర్రగా పొక్కులు పోసినట్టు అయిపోతుంది. అరవంలో ఒకరు, కన్నడంలో ఒకరు, వచ్చీరాని హిందీలో ఒకరు ఫోన్లో అరుస్తారు. ఇంటికెళ్లే బండిలో కొడవలూరు రాకముందే నిద్రపోయి, బిట్రగుంటలో ఎవరో తట్టి లేపితే దిగేదాన్ని. అంత గోలలోనూ పులికాట్ ఊరి చుక్క పచ్చగా ఉండేది. అలారం లేదు, ఫోన్ లేదు. దాని వైపు చూసినప్పుడల్లా, పోనీలే, ఈ ఒక్క ఊరైనా నన్ను ఏడిపించడం లేదు అనుకునేదాన్ని.

ఆ కాలం గడిచాక పైనుంచి కబురొచ్చింది. ఆ చల్లగది అన్నిటికంటే బాగా నడిచిందట. ఎత్తేయాలన్న మాట కొట్టేశారు. అది అక్కడే ఉంటుంది. సారు నా బల్ల దగ్గరికొచ్చి చెప్పి, "నీ ఊరు నిలబడిందమ్మా" అన్నాడు. నాకు నిజంగా సంతోషం కలిగింది. ఎన్నో నెలల తర్వాత తెర మీంచి కళ్లు తీసి, కిటికీ దగ్గరికెళ్లి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఇంక మీకు భయం లేదు. గదిని ఎవురూ ఎత్తకపోరు. ఈ ఎండల్లో ఒక్క పూట గూడా ఆగకుండా నడిపినావని పైవాళ్లు మెచ్చుకున్నారు."

అవతల నుంచి కంప్రెసర్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

"వింటా ఉండావా అక్కా?"

"వింటా ఉండానమ్మా. మంచిది. ఆడోళ్లకు జెప్తాను. అందురూ సంతోషపడతారు." ఆ వెంటనే "మా ఆయన పోయినాడమ్మా" అంది.

 ఎప్పుడని అడిగాను. పెద్దదినం కూడా అయిపోయిందని చెప్పింది. ఫోన్ చెవికి ఆనించుకునే బల్ల దగ్గరికొచ్చి ఆమె చెప్పిన రోజు గీతలు తీసి చూశాను. తెల్లవారినప్పటి నుంచి సాయంత్రం దాకా కంప్రెసర్ ఆగకుండా నడిచింది. ఏ వంకా పెట్టలేని రోజు. ఆ రోజు కూడా నేను ఆ చుక్కను చూసి హమ్మయ్య అనుకునే ఉంటాను. అదే సమయంలో, గోడకు ఇవతల, ఆ హోరు పక్కన, ఆయన్ను చాప మీద పడుకోబెట్టి ఉన్నారు.

"నాకు ఫోన్ చెయ్యలేదేందక్కా?"

"చేసేదాన్ని నేనే గదమ్మా" అంది. "నేనాయన కాళ్ల కాడ కూచోనుంటిని. నాకే తోచలేదు, ఇంకెవురికి గుర్తొస్తాది? నీ నంబరు గూడా ఇంకెవురి కాడా లేదు."

ఊరందరి చావులకూ ఫోన్ చేసిన మనిషి. తన ఇంట్లో చావొస్తే ఎవరు చెయ్యాలో ఆ రోజు పాక దగ్గర మేమెవరమూ అనుకోలేదు.

"పెద్దోళ్లు కోప్పడినారు. ఆడోళ్లు వచ్చి బీగంచెవి ఇమ్మని అడిగినారు, మీట కిందికి లాగేస్తామని. ఈలేదమ్మా నేను. మూడోది పడితే ఎత్తకపోతారని ఈలేదు. నడుముకాడ గట్టిగా పట్టుకోని కూచున్నాను. ఆ హోరులో నా ఏడుపు నాకే ఇనపళ్లేదు. అసలు ఏడిస్తినో లేదో గూడా తెలీదు."

మా గదిలో ఏదో అలారం మోగుతూనే ఉంది. పక్క బల్ల అమ్మాయి నా వైపు చూసి, లేచి వచ్చి నా బదులు నొక్కింది.

"అమ్మా," అంది అక్క, "ఇప్పుడు రవంతసేపు ఆపుతావా?"

ఆపాను. ఫోన్లో ఆ హోరు సన్నబడి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఒడ్డు మీద ఎవరో పిల్లలు అరుచుకుంటున్న చప్పుడు, గాలి చప్పుడు వినిపించాయి. ఆ తర్వాత అక్క ఏడుపు వినిపించింది. మళ్లీ నడిపించమని ఆమె చెప్పేదాకా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే కూర్చున్నాను.